గాలి పోయే చోటు వెతుక్కుంటూ మెట్టుగూడకు

సికింద్రాబాద్ ఇంతవరకు చూడనివాళ్ళు ఎవరైనా ఉంటే తొందరపడవద్దు, ఉన్నచోటనే ఉండండి. నేను మూడు రోజులు ఉండి వచ్చాను. చూసినదాంట్లో సగం దుమ్ము, మిగతా సగం ఆ దుమ్ములో నిలబడి హారన్ కొట్టే మనుషులు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, అక్కడ ఒక మిస్త్రీని మూడు రోజులు నోటికొచ్చినట్టు అన్నాను. ఆ కథ ఇంకొకరు చెప్పకముందే నేను చెప్తే మంచిది.

నేను ముప్పై ఏళ్ళు బోరు బండి మీద కంప్రెసర్ నడిపినవాణ్ణి. అక్షరాలు యాభై దాటినాక పట్టుబడ్డాయి. అందుకని దారిలో ఎక్కడ అక్షరం కనబడినా చదవకుండా వదలను. చదివిన తరువాత చాలావాటికి, ఇది రాయడానికి రంగు దండగ కదా అనిపిస్తుంది.

జనగామ నుంచి ఘట్‌కేసర్

నరేశ్ మా తమ్ముని కొడుకు. వయసు ముప్పై ఒకటి, జనగామలో మోటారు పంపుల దుకాణం. కంపెనీ వాళ్ళు అమ్మినప్పుడు అతని కారు కారులాగానే ఉండేది. నలుగురు కూర్చుంటే పోయేది. దాన్ని తెచ్చి నేలకు దించాడు. ఇప్పుడు గతుకు వస్తే దిగి, వంగి, నేలకు ఎంత దూరం ఉందో చూసుకుని మళ్ళీ ఎక్కుతాడు. ఎడ్లబండికి ఆ బాధ లేదు.

అది చాలక ఇంజన్‌కు పెద్ద టర్బో పెట్టించాడు. తెలియనివాళ్ళకు చెప్తాను. ఇంజన్ వదిలే పొగ పోతూ పోతూ ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పుతుంది. రెండోది బయటి గాలిని పట్టి, పైపుల గుండా ఇంజన్ లోపలికి గట్టిగా నొక్కుతుంది. గాలి ఎక్కువ పోతే బలం ఎక్కువ. గాలి మధ్యలో ఎక్కడన్నా తప్పించుకుంటే బలం పోతుంది, వెనక నల్లపొగ మిగులుతుంది. బోరు బండి కంప్రెసర్‌కూ ఇదే నీతి. కాకపోతే మేము దానితో భూమిలోంచి నీళ్ళు తెచ్చేవాళ్ళం, వీళ్ళు పక్క బండిని దాటుతారు.

ఆ గాలి ఎంత గట్టిగా పోతున్నదో చెప్పడానికి స్టీరింగ్ పక్కన ఒక ముల్లు పెట్టించాడు. టర్బో బిగించి నెల. మొదట్లో ముల్లు ఒకటిన్నర దాకా లేచేది. వారం నుంచి సగం దగ్గరే ఆగుతున్నది.

ఆలేరు దాటాక వడ్ల లారీని దాటబోయాము. నరేశ్ తొక్కాడు. కారు ముందు నుంచి బుస్సుమని ఒక చప్పుడు వచ్చింది, వెనక నల్లపొగ లేచింది, బండి మాత్రం కదలలేదు. లారీ డ్రైవర్ కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏం తమ్మీ, బండి కట్టెల పొయ్యి మీద నడుస్తుందా?"

ఆ తరువాత ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు మమ్మల్ని దాటిపోయింది. కిటికీలో ఒక ముసలమ్మ మమ్మల్ని చూసుకుంటూ పోయింది.

"చూసినవా పెద్దబాపు? ముల్లు సగం కాడ్నే ఆగుతుంది" అన్నాడు నరేశ్.

"ముల్లు నేను చూడలే. బస్సు దాటింది చూసిన."

"ఆ యాదగిరిగాడు పాత టర్బో పాలిష్ కొట్టి బిగించిండు. నన్ను మోసం చేసిండు. శనివారం సాయంత్రం వీడియో పెడత. మెట్టుగూడల ఆని దుకాణం దిక్కు ఎవ్వడు పోడు."

నరేశ్ తన కారు వీడియోలు ఫోన్లో పెడుతుంటాడు. పని లేనివాళ్ళు వేలమంది చూస్తారు. వాళ్ళ గుంపులో ముందే ఒక మాట విసిరాడట. దానితోనే యాదగిరికి బండ్లు ఇస్తామన్నవాళ్ళు ఇద్దరు వెనక్కి తగ్గారు. ఇంక వీడియో ఒకటే మిగిలింది. గాలి సంగతి తెలిసిన పెద్దమనిషి పక్కన ఉంటే మిస్త్రీ నోరు లేవదని నన్ను వెంట తీసుకుపోయాడు. నేను కూడా కేకలు వేయడానికే పోయాను.

కారు ముందు నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ ఊగుతూ ఉంది. మా ఇంట్లో బండికి దిష్టి దండ కట్టేది ఇంటి పెద్ద. కొన్నవాళ్ళు కాదు, నడిపేవాళ్ళు కాదు. మొదట దారంతో కట్టాను, భువనగిరి చేరకముందే తెగి పడింది. అందుకని రెండు శనివారాల కింద బోరు పని ఇనుప కట్టుతీగ తీసుకుని, ముందరి జాలీలోంచి చెయ్యి పెట్టి, లోపల గట్టిగా తగిలినదానికి రెండు చుట్లు చుట్టి మెలేశాను. తరువాతి శనివారం మార్చవలసింది. పాలోళ్ళ, అంటే దాయాదుల ఇంట్లో చావు జరిగి మాకు అంటు వచ్చింది, మార్చలేదు.

మెట్టుగూడ, గురువారం

యాదగిరి షెడ్డు రైల్వే గోడ పక్కన ఉంది. పైన రేకులు, కింద నాపరాళ్ళు. గుమ్మం దగ్గర అట్టముక్క మీద "చెప్పులు బయట విడువవలెను" అని రాసి ఉంది. మెకానిక్ షెడ్డుకు! పెద్దగానే చదివాను.

"గుడా ఇది? తీర్థం సుత ఇస్తవా?"

లోపలి నుంచి యాదగిరి వచ్చాడు. యాభై ఉంటాయి. సన్నటి మనిషి, కళ్ళజోడు మెడలో దారానికి వేలాడుతున్నది.

"గుడి కాదు పెద్దమనిషి. చెప్పులకు ఇసుక వస్తది. రెక్కలల్ల ఒక్క రవ్వ పోతే టర్బో ఖతం. జెర విడిచి రాండ్రి."

విడిచాను. నేల మా ఇంటి వంటగది కంటే శుభ్రంగా ఉంది. అది కూడా నాకు నచ్చలేదు. పని చేసే చోటు పని చేసే చోటులా ఉండాలి.

శనివారం వీడియో పెడతానని ముందే చెప్పి, నరేశ్ ఫోన్ ఎత్తి పట్టుకుని తీస్తూనే ఉన్నాడు. యాదగిరి ఫోన్‌ను ఒకసారి చూశాడు. బానెట్ ఎత్తి, గాలి వచ్చే పైపు విప్పి, టర్బో మూతిలో రెండు వేళ్ళు పెట్టి లోపలి ఇరుసును అటూ ఇటూ కదిలించి చూశాడు.

"ఇరుసు ఊగుతలేదు. రెక్క అంచు గోడకు తాకలే. మంచిగున్నది. మీరే చెయ్యి పెట్టి చూడుండ్రి."

"నేనెందుకు పెడత? బిగించినోనివి నువ్వు. నీ పెండ్లికొడుకును నువ్వే మెచ్చుకుంటవు."

తరువాత పైపులను పరీక్షిస్తానన్నాడు. వాళ్ళు చేసే తీరు చెప్తాను. పైపు మూతికి ఒక డబ్బా మూత బిగిస్తారు. ఆ మూతకు సైకిల్ ట్యూబు వాల్వు ఉంటుంది. దానిలోంచి గాలి కొట్టి, పైపులన్నిటి మీదా సబ్బు నీళ్ళు చల్లుతారు. గాలి పోయే చోట బుడగలు లేస్తాయి. మా బోరు బండి మీద రిన్ సబ్బు ముక్కా, పాత బనీనూ ఉంటే ఇదే పని అయిపోయేది. ఇక్కడ సీసాకు చిమ్మే గొట్టం ఉంది. పట్నం కదా.

సబ్బు నీళ్ళు చల్లుతూ ముందుకు వచ్చి, దండను పక్కకు జరపడానికి చెయ్యి చాపాడు.

"ఏయ్! ముట్టకు. నేను కట్టింది. శనివారం నా చేతితోనే విప్పాలె. నడిమిట్ల వేరేటోడు ముడితే దిష్టి ఆనికి, పీడ మాకు."

యాదగిరి చెయ్యి వెనక్కి తీసుకుని కళ్ళకు అద్దుకున్నాడు.

"తప్పైంది పెద్దమనిషి. మా షెడ్డుల సుత ఎవ్వరి దండ ముట్టం."

సబ్బు పడకుండా ఒక పాలిథిన్ కవర్ తెచ్చాడు. దండకూ, తీగ లోపలికి పోయిన చోటు దాకానూ, చుట్టానికి శాలువా కప్పినంత మర్యాదగా చుట్టాడు. ఆ తరువాత మిగతా అన్ని చోట్లా చల్లాడు. వంగి చూశాడు, పడుకుని చూశాడు. ఎక్కడా ఒక్క బుడగ లేదు. కానీ గాలి కొట్టే పంపు మీది ముల్లు మాత్రం మెల్లమెల్లగా దిగుతున్నది.

"గాలి పోతుంది. యాడికెల్లి పోతుందో కనవడ్తలేదు" అన్నాడు తనలో తాను.

"నీ డబ్బా మూతకెల్లి పోతుంది" అన్నాను. "ముప్పై ఏండ్లు గాలి చప్పుడు తిని బతికిన. ఫర్లాంగు దూరంల హోసు పైపు కారితే నిద్రల లేచేటోన్ని. పైపులు కాదు, టర్బోనే బోగస్. ఒప్పుకుంటే నీకే ఇజ్జత్."

యాదగిరి డబ్బా మూత విప్పి, కొత్త రబ్బరు వేసి మళ్ళీ బిగించాడు. ముల్లు మళ్ళీ దిగింది. మూడోసారి కూడా బిగించాడు. నేను నవ్వాను. తన పనిముట్టు మీద తనకే అనుమానం వచ్చిన మిస్త్రీ ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. తెలిసే నవ్వాను.

సాయంత్రం అవుతుండగా అతను చేతులు తుడుచుకుని ఎదుట నిలబడ్డాడు.

"పెద్దమనిషి, తప్పు నాదైతే ఈ షెడ్డుకు నేనే తాళం ఏస్త. వీడియో దాకా ఎందుకు? కానీ ఆ తప్పు దొరకాలె గదా. శనివారం పగటీలి, పన్నెండు దాకా టైం ఇయ్యుండ్రి."

"సాయంత్రం దాకా ఇచ్చినం" అన్నాడు నరేశ్, ఫోన్ దించకుండానే.

బోయిగూడ

మెట్టుగూడ నుంచి బోయిగూడ లాడ్జికి ఆటో ఎక్కాము. మీటర్ వెయ్యమన్నాను.

"మీటరా తాతా? అది మా బాపు జమాన్ల" అన్నాడు ఆటో అతను. "నూటయాభై ఇయ్యి, బోయిగూడ అంతా తిప్పి చూపిస్త."

బోయిగూడ తిప్పి చూపించడానికి ఏమీ లేదు. ఇండ్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డాయి. ఈ ఇంట్లో చారుకు పోపు పెడితే ఆ ఇంట్లో తుమ్ముతారు. మా దిక్కున పక్కింట్లో ఏం కూర అని అడగాలి, ఇక్కడ అడగకుండానే తెలుస్తుంది. అది ఒక్కటీ లాభం.

లాడ్జి గదికి తొమ్మిది వందలు. గోడ మీద "వేడి నీళ్ళు ఉదయం 6 నుండి 8" అని ఉంది. ఆరున్నరకు తిప్పితే చల్లనివి వచ్చాయి. ఎనిమిదిన్నరకు, మేము బట్టలు వేసుకున్నాక, వేడివి వచ్చాయి. మేనేజర్‌ను అడిగితే, "వచ్చినయి గదా అంకుల్" అన్నాడు. నిజమే, వచ్చాయి.

స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ ఇరవై రూపాయలు. కప్పు చూస్తే కోడిపిల్లకు నీళ్ళు పెట్టేది. పాలు విడిగా మరిగించి, డికాషన్ విడిగా కాచి, రెండూ మన కళ్ళ ముందు కలుపుతారు. చాయ్ బాగుంది. ఇంతసేపూ తిట్టినవాణ్ణి, ఇది కూడా చెప్పాలి కదా. రెండోది తాగాను.

కార్ఖానా, శుక్రవారం

నరేశ్‌కు ఇంకో మిస్త్రీ మాట కావాలట, వీడియోలో పెట్టడానికి. అందుకని ఒక పూటకని కారును యాదగిరి దగ్గర నుంచి తీసుకుని కార్ఖానా దిక్కు ఒక పెద్ద దుకాణానికి పోయాము. పేరు చెప్పను. అద్దాల గది, చల్లగాలి, కాఫీ దానంతట అదే పోసే మిషను. యజమాని కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. తెల్లచొక్కా. చొక్కా మీద ఒక్క మరక ఉంటే నమ్మేవాణ్ణి.

"రండి బాబాయ్ గారూ, కూర్చోండి. కాఫీ తీసుకుంటారా, టీ తీసుకుంటారా?"

మర్యాద మాత్రం మెత్తగా ఉంది. మా దిక్కున మిస్త్రీ ముందు బండిని చూస్తాడు, తరువాత మనిషిని. ఇక్కడ మనిషికి కాఫీ పోస్తారు, బండిని అసలు చూడరు. ఒక కుర్రవాడు స్టీరింగ్ కింద వైరు గుచ్చాడు, కంప్యూటర్ ఒక కాగితం కక్కింది. యజమాని దాన్ని చదివి తల ఊపాడు.

"టర్బో పోయిందండీ. గాలి ఒత్తిడి తక్కువని క్లియర్‌గా చూపిస్తుంది. కొత్తది వేసేద్దాం. సోమవారానికి బండి మీ చేతిలో ఉంటుంది."

"ఒత్తిడి తక్కువని మా ముల్లు సుత చెప్తుంది" అన్నాను. "ఎందుకు తక్కువో చెప్పేటందుకు బానెట్ ఎత్తవా?"

"ఎత్తక్కర్లేదు బాబాయ్ గారూ. అంతా ఇందులోనే వచ్చేస్తుందండీ."

జ్వరం ఉందని థర్మామీటరు చెప్తుంది. ఎందుకుందో చెప్పదు. ఈ మాట అందామనుకున్నాను, అనలేదు. ఎందుకంటే అతను నేను చెప్పినదే చెప్పాడు కదా, టర్బో పోయిందని. నడుం వంచని మనిషి, మసి అంటని వేలు. కానీ తీర్పు నా తీర్పే. నరేశ్ సంతోషంగా కాగితం ఫోటో తీసుకున్నాడు. ఆ కాఫీ నాకు చేదుగా అనిపించింది. చక్కెర తక్కువైందని అన్నాను.

మోండా మార్కెట్

మధ్యాహ్నం కారును మళ్ళీ యాదగిరి షెడ్డు దగ్గర వదిలాము. నరేశ్ లాడ్జిలో వీడియో అతుకులు వేస్తూ కూర్చున్నాడు. నేను మోండా మార్కెట్‌కు పోయాను, శనివారం దండకు నిమ్మకాయలు చూద్దామని. మార్కెట్ బయట ఒకామె గోనెపట్టా మీద కూర్చుని దండలు గుచ్చుతున్నది. పేరు బాలమణి, నలభై ఉంటాయి. ఏడు మిరపకాయలు, ఒక నిమ్మకాయ, కింద బొగ్గుముక్క. నేను రెండు మాటలు అనేలోపు మూడు దండలు అయిపోయాయి.

"ఎంత?"

"ఇరువై."

"మా జనగామల పది."

"జనగామ దిష్టి పది రూపాలదే ఉంటది తాతా. సికింద్రాబాద్ దిష్టి పెద్దది."

పట్నంలో ఎవరి దండ వాళ్ళు గుచ్చుకోరు, ఎవరి బండికి వాళ్ళు కట్టుకోరు. శనివారం పొద్దున ఈమే వీధి వీధి తిరిగి, దుకాణాలకూ ఆటోలకూ పాతవి తెంపి కొత్తవి కట్టి పోతుంది. ఇంటి పెద్ద చెయ్యి లేదు, మొక్కు లేదు. పాల ప్యాకెట్ వేసినట్టు దిష్టి దండ వేస్తారు. ఛీ అనిపించింది.

"దారంతోని గుచ్చుతున్నవు. తెగదా?" అన్నాను.

"తెగాలె తాతా."

"తెగితే ఏం లాభం?"

"దిష్టి గుంజుకోని అది పడిపోవాలె. పట్టుకోని ఏలాడితే దిష్టి బండికే ఉంటది గదా. నువ్వు దేనితోని కట్టినవ్?"

"ఇనుప తీగతోని."

ఆమె గుచ్చడం ఆపి నా ముఖం చూసింది. "నిమ్మకాయకు బేడీలు ఏసినవా!" అని నవ్వింది. పక్కన కొత్తిమీర అమ్మే ఆమె కూడా నవ్వింది. నేను కొనకుండా లేచాను. బండి మెట్టుగూడలో ఉందని మాటల్లో అన్నాను, రేపు ఆ లైన్‌కు వస్తానని వెనక నుంచి అరిచింది. రమ్మని నేను అడగలేదు.

మళ్ళీ మెట్టుగూడ, శనివారం

శనివారం పొద్దున పోయేసరికి యాదగిరి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అప్పటికే టర్బోను పనిచేయించే సన్న గొట్టాలన్నీ మార్చాడు. ఏమీ తేడా రాలేదు. షెడ్డు ముందర పెట్టిన కారు చుట్టూ తిరుగుతూ నేను అన్నాను.

"ఇంకేం మిగిలింది? సీటు కవర్లు మారుస్తవా?"

అతను లోపలికి పోయి కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయాడు. నరేశ్ బయట స్టూలు మీద కూర్చుని వీడియోకు పేరు పెడుతున్నాడు. "మోసం" అనే మాట ముందు రావాలా, వెనక రావాలా అని నన్ను అడిగాడు.

అప్పుడు బాలమణి వచ్చింది, చేతికి దండల గుత్తి వేసుకుని.

"తాతా, బేడీలు విప్పుతవా, నన్ను విప్పమంటవా?"

"నా చేతితోనే విప్పుత. నువ్వు దూరం జరుగు."

వంగి, పాలిథిన్ కవర్ తీశాను. రెండు వారాల నిమ్మకాయ ఎట్లా ఉండాలి? ఎండి, ముడుచుకుని, చెక్కలాగా ఉండాలి. ఇది ఊరగాయ జాడీలోంచి తీసినట్టు నల్లగా, నూనె కారుతూ ఉంది. మిరపకాయలు వేయించినట్టు మెరుస్తున్నాయి.

"ఏంది తాతా, నిమ్మకాయకు నూనె సుత పెట్టినవా?" అన్నది బాలమణి.

నా చెయ్యి అక్కడే ఆగింది. కంప్రెసర్ మీద పనిచేసిన ఎవరికైనా మొదటి రోజే తెలిసే సంగతి ఒకటి ఉంది. ఒత్తిడి గాలితో పాటు సన్నటి నూనె ఆవిరి పోతుంది. గాలి ఎక్కడ తప్పించుకుంటే నూనె అక్కడ కూర్చుంటుంది. జాలీ లోపలికి వేళ్ళు పెట్టి, తీగ వెంట తడుముకుంటూ పోయాను. నేను తీగ చుట్టింది ఇనుప కమ్మీకి కాదు, గాలి పోయే రబ్బరు పైపుకు. తొక్కినప్పుడల్లా పైపు ఉబ్బింది, ఇంజన్ ఊగింది, తీగ కోసుకుంటూ పోయింది. బండి నిలబడి ఉంటే నా మెలికే ఆ గాటును బిగించి చాలావరకు మూసి పెడుతున్నది. రోడ్డు మీద ఇంజన్ గుంజగానే గాటు నోరు తెరుస్తున్నది. గురువారం నాటి బుడగలు ఎక్కడికో పోలేదు. నేను ముట్టవద్దన్న కవర్ లోపల, సబ్బు నీళ్ళు పడని చోటే దాక్కున్నాయి.

దాచాలనిపించలేదని చెప్పను. యాదగిరి లోపల ఉన్నాడు, నరేశ్ తల ఫోన్లో ఉంది. ముందర మురికి కాలువ ఉంది. తీగ తెంపి దండను దానిలో వేసి, పైపు పాతబడి చిట్లిందంటే అడిగేవాళ్ళు లేరు. బాలమణికి పైపు సంగతి తెలియదు. నూనె కారే దండను పట్టుకుని కాలువ దిక్కు చూశాను. మోచేతి దాకా నూనె జారింది.

"యాదగిరీ" అన్నాను. మూడు రోజుల్లో ఆ పేరుతో పిలవడం అదే మొదలు. "ఇటు రా. నా కాళ్ళకు చెప్పులున్నయి, లోపలికి నేను రాను."

అతను వచ్చాడు. చూపించాను. వేలు పెట్టి గాటు తడిమాడు. కళ్ళు మూసుకుని ఒకసారి ఊపిరి వదిలాడు. అంతే. తిట్టలేదు. సబ్బు సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు, తను గాలి కొట్టాడు. పైపు అడుగున బుడగలు లేచాయి, కల్లు నురుగు లేచినట్టు.

"ఫర్లాంగు దూరం వినవడ్తదంటివి గదా పెద్దమనిషి" అన్నాడు మెల్లగా.

నాకు ఆ ఒక్క దెబ్బే పడింది. అదీ సరిపోయేటంత పడింది.

"పెద్దబాపు, నువ్వు కట్టిన తీగనా?" అన్నాడు నరేశ్. ఫోన్ మొదటిసారి కిందికి దించాడు.

"నేనే. నీకు బుద్ధి లేక బండిని దించితివి, నాకు బుద్ధి లేక తీగ కడితిని."

"సగం తప్పు నాది" అన్నాడు యాదగిరి. "అన్ని కాడ్ల చల్లి, దండ ఉన్న కాడ చల్లకపోతి. ముట్టొద్దంటే మాత్రం? మిస్త్రీని గదా."

"సగం గిగం నాకొద్దు. నీ సగం నువ్వు దాచిపెట్టుకో, ఇంకోనికి అక్కరకొస్తది."

తార్నాక దాకా ఒకసారి

పైపు మార్చడానికి అరగంట కూడా పట్టలేదు. ముగ్గురం ఎక్కి తార్నాక దిక్కు పోయాము. రోడ్డు కొంచెం ఖాళీ దొరికిన చోట నరేశ్ తొక్కాడు. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. ముల్లు ఒకటిన్నర మీద నిలబడింది. వెనక పొగ లేదు, ముందు బుస లేదు. దీనికోసమా ఇంత ఆరాటం అనిపించింది. ఇంకోసారి తొక్కమని నేనే అన్నాను.

తిరిగి వచ్చాక నరేశ్ తేలికపడ్డాడు.

"ఐపాయె. వీడియో తీసేస్త పెద్దబాపు. ఎవ్వరికి ఏం తెల్వదు."

"తెల్వదా? నువ్వు గుంపుల పెట్టిన మాటకు ఇద్దరు తిరిగిపోయిరి. వాళ్ళకెవలు చెప్తరు, నీ ముల్లు చెప్తదా? ఫోన్ పట్టు."

"నువ్వు మాట్లాడతవా? నవ్వుతరు పెద్దబాపు."

"నవ్వనీ. మొన్న నేను నవ్విన గదా."

కోసుకుపోయిన పైపు ఒక చేతిలో, నూనె నిమ్మకాయ ఒక చేతిలో పట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాను. చెప్పవలసింది నాలుగు మాటల్లో చెప్పాను. ఎవరు బిగించారో, ఎవరు తీగ కట్టారో, ఎవరిని ముట్టనియ్యలేదో చెప్పాను. ఎండ కళ్ళల్లో కొట్టింది, ముఖం ఎట్లా పెట్టుకోవాలో తెలియలేదు. బాలమణి గుత్తి పట్టుకుని నిలబడి చివరిదాకా విన్నది. బేరం లేని చోట అంతసేపు నిలబడడం ఆమెకు నష్టమే.

యాదగిరి ఆ పైపును గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. కింద ఏదైనా రాసి పెట్టమన్నాడు. అట్టముక్క ఇచ్చాడు, రంగు ఇచ్చాడు. చెప్పులు విడిచి, లోపల నేల మీద కూర్చుని రాశాను.

"ఈ పైపు చెడగొట్టింది యాదగిరి కాదు. దిష్టి దండకు ఇనుప తీగ కట్టిన జనగామ మల్లయ్య."

అక్షరాలు వాలిపోయాయి. చివరి మాటకు అట్ట చాలక కిందికి దించి రాయవలసి వచ్చింది. యాదగిరి కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"పేరు ఎందుకు పెద్దమనిషి? తీగ కట్టిన మనిషి అంటే సాలు గదా."

"పేరు లేకపోతే ఎవడో అనుకుంటరు" అన్నాను.

తిరుగు దారి

బాలమణి కొత్త దండ ఇరవై రూపాయలకే ఇచ్చింది, ఒక్క రూపాయి తగ్గించలేదు. కట్టేది మాత్రం నేనే. దారంతో, బయటి జాలీకి, లోపలికి వేలు పెట్టకుండా. నేను ముడి వేస్తుంటే యాదగిరి పక్కన వంగి చూశాడు. వద్దనలేదు నేను.

నల్ల రోడ్డు మీద నరేశ్ పాటలు పెట్టాడు. ఆ పాటలో మాటలు లేవు, డబ్బాలో రాళ్ళు వేసి ఊపుతున్నట్టు ఉంది. బీబీనగర్ దాటాక ఒక ఆర్టీసీ బస్సును దాటాము. అదే బస్సో కాదో తెలియదు. నేను మాత్రం కిటికీలోకి చూశాను.

భువనగిరి గుట్ట కనబడుతుండగా ముందర ఏదో టప్పున కొట్టుకుంది. దారం తెగి, దండ రోడ్డు మీద పడి వెనక్కి దొర్లిపోయింది. నరేశ్ బ్రేకు మీద కాలు పెట్టి నా దిక్కు చూశాడు.

"ఆపాల్నా పెద్దబాపు? మళ్ళ కడతవా?"

"పోనీ" అన్నాను. "పడనీ దాన్ని."